కోరుకొండ మెట్ల నుంచి కల్సుబాయి దాకా

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది ముమ్మిడివరం. నాకు 26 ఏళ్లు, రావులపాలెంలో బ్యాంకులో చేస్తున్నాను. జనవరి చివర్లో నేను, ఇద్దరు స్నేహితురాళ్లు బ్యాగులు తగిలించుకుని నాసిక్ వైపు ఆరు రోజులు తిరిగి రావాలనుకుంటున్నాం. బ్రహ్మగిరి, హరిహర్ కోట, కల్సుబాయి ఎక్కాలి. సంధన్ లోయలో తాడు పట్టుకుని దిగాలి. వైన్ తయారుచేసే ద్రాక్షతోటలు కూడా చూడాలి. మా ముగ్గురిలో ఎవరూ ఏటిగట్టు కంటే ఎత్తు ఎక్కలేదండి. ఇంట్లో ‘కొండలంటే సరే, వైన్ తోటలు ఎందుకు’ అంటున్నారు. మేం చేయగలమా? ఏది ముందు, ఏది వెనక?

జవాబు: చేయగలరమ్మా. నేను మొదటిసారి వెళ్లింది 54 ఏళ్ల వయసులో. అప్పటికి పాలకొల్లు దగ్గర హైస్కూల్లో పాతికేళ్లుగా ‘గోదావరి త్రయంబకంలో పుట్టింది’ అని పిల్లలకు చెబుతూ ఉన్నాను. ఆ చోటు మాత్రం చూడలేదు. బ్రహ్మగిరి మీద గంగాద్వారం దగ్గర కనబడేది సన్నటి ధారే. చించినాడ వంతెన మీద నుంచి గోదావరి పాయ వశిష్ఠను చూస్తూ పెరిగినదాన్ని, ఆ ధార ముందు చాలాసేపు కదల్లేకపోయాను. అరేబియా సముద్రానికి 80 కిలోమీటర్ల దూరంలో పుట్టిన నది ఆ పక్కకు పోకుండా, 1465 కిలోమీటర్లు నడిచి మన అంతర్వేదికి వస్తోంది. మీరు ఎక్కబోయే ఆ నల్లటి కొండలు ఆరున్నర కోట్ల ఏళ్ల నాటి లావా. మన గౌరీపట్నం, పంగిడి క్వారీల్లో కొట్టే నల్లరాయి కూడా ఆ కాలపు లావాదే. అందుకే మన వాళ్లు ఎవరైనా ఈ ప్రయాణం అంటే నేను వెళ్లమనే చెబుతాను.

అయితే కాళ్లను ఇప్పటి నుంచే తయారుచేయాలి. డెల్టాలో పుట్టినవాళ్లకు నడక అలవాటే, దిగడం అలవాటు లేదు. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, కాసేపు నిలబడితే తగ్గుతుంది. దిగేటప్పుడు బరువంతా మోకాలి మీద, తొడ ముందు కండరం మీద పడుతుంది. ఆ నొప్పి మర్నాటికి తెలుస్తుంది. ఆరు వారాలు ప్రతి ఆదివారం కోరుకొండ నరసింహస్వామి గుడికి వెళ్లండి. ఆ మెట్లు ఎంత నిటారుగా ఉంటాయో మీకు తెలుసు. మొదటి వారం ఖాళీ చేతులతో, తర్వాత బ్యాగులో రెండు లీటర్ల నీళ్లు, చివరి రెండు వారాలు మొత్తం సామానుతో ఎక్కండి. దిగడం మాత్రం ఎక్కినదానికన్నా నెమ్మదిగా దిగండి. మిగతా రోజుల్లో అదే బ్యాగుతో ఏటిగట్టు మీద గంట నడిస్తే చాలు. బ్యాగు ఎనిమిది కిలోలు దాటనివ్వకండి. బరువు భుజాల మీద వేలాడకూడదు, నడుము బెల్టు మీద కూర్చోవాలి.

షూ గురించి నా అనుభవం చెప్పాలి. కొత్తగా కొన్న షూ పాడవుతాయేమోనని మూడేళ్లు అటక మీద దాచాను. కల్సుబాయి సగం కొండలో కుడికాలి షూ అడుగు అట్టలా విడిపోయింది, గంటలో ఎడమది కూడా. రెండు టవళ్లు చింపి కట్టుకుని దిగాను. పాలియురెథేన్ అనే ప్లాస్టిక్ నురుగు అడుగు ఉన్న షూ, వాడకుండా తేమలో ఉంచితే లోపలే చివికిపోతుందని తర్వాత తెలిసింది. మన కోనసీమ గాలిలో తేమకు తక్కువేముంది? దాచిన షూ వద్దు. ఇప్పుడే కొని, కోరుకొండ మెట్ల మీద అరగదీయండి.

ఇక క్రమం. ఆరు రోజులు చాలవు, ఏడు చేసుకోండి. నరసాపురం నుంచి నాగర్‌సోల్ వెళ్లే రైలు ఉంది కదా, మనవాళ్లు షిర్డీకి వెళ్లేది, అది ఎక్కండి. నాగర్‌సోల్ కూడా నాసిక్ జిల్లాలోనే ఉంది. మొదటి రోజు త్రయంబకం, బ్రహ్మగిరి. మెట్ల దారే కాబట్టి కాళ్లు అలవాటుపడతాయి. మర్నాడు హరిహర్. శని, ఆదివారాల్లో ఆ మెట్ల మీద జనం బారులు తీరి ఉంటారు, మామూలు రోజున తెల్లారే మొదలుపెట్టండి. తర్వాత ఒక రోజు పూర్తిగా విశ్రాంతి. భండార్‌దరా చేరి, ప్రవర నది మీద కట్టిన విల్సన్ డ్యామ్ చూడండి. ఆ ప్రవర నీళ్లు కూడా గోదావరిలోకే వస్తాయి. నాలుగో రోజు బారి గ్రామం నుంచి కల్సుబాయి. 1646 మీటర్లు, మహారాష్ట్రలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం. నిటారుగా ఉన్న చోట్ల ఇనుప నిచ్చెనలు ఉన్నాయి. నాకు ఎక్కడానికి నాలుగు గంటలు పట్టింది, మీకు మూడు చాలు.

హరిహర్ మెట్లు చూడగానే టెన్షన్ వస్తుంది. కొండను తొలిచి చేసిన మెట్లు, దాదాపు నిలువుగా ఉంటాయి. పట్టుకోవడానికి రాతిలోనే గుంటలు తొలిచారు. మన దింపు కార్మికులను గుర్తుచేసుకోండి. కొబ్బరిచెట్టు దిగేటప్పుడు వాళ్ల ముఖం చెట్టు వైపే ఉంటుంది. మీరు కూడా రాయి వైపు తిరిగి, నిచ్చెన దిగినట్టు దిగండి. రెండు చేతులు, రెండు కాళ్లలో మూడు ఎప్పుడూ రాయిని వదలకూడదు, ఒక్కటే కదలాలి. మెట్ల మీద ఫోన్ బయటికి తీయవద్దు. వర్షాకాలంలో అయితే అక్కడికి వెళ్లమని నేను ఎవరికీ చెప్పను.

సంధన్ ఐదో రోజు. సామ్రాద్ ఊరి నుంచి మొదలయ్యే ఇరుకు లోయ, రెండు పక్కలా గోడల్లా కొండలు, ఎండ లోపలికి చాలా తక్కువగా పడుతుంది. తాళ్లతో దిగాక అదే దారిలో వెనక్కి ఎక్కలేరు, కింద కొంకణ్ వైపు దెహ్నే ఊరికి నడవాలి. అందుకే ఆ రాత్రి కింద ఉండి, మర్నాడు కసారా ఘాట్ మీదుగా నాసిక్ చేరండి. తాడు కట్టేవాళ్లను ముందే మూడు అడగండి: దిగే తాడు కాక, ప్రాణరక్షణకు రెండో తాడు కడతారా, ఆ రెండూ వేర్వేరు చోట్ల కడతారా, అందరికీ హెల్మెట్ ఇస్తారా. ఒక్కదానికి నసిగినా డబ్బు కట్టకండి. దిగేటప్పుడు భయంతో రాయికి అతుక్కోవాలనిపిస్తుంది, అప్పుడే కాలు జారుతుంది. వెనక్కి వాలి, పాదాలు రాయి మీద పూర్తిగా ఆనించాలి.

ద్రాక్షతోటలు ఏడో రోజుకు. కొండలకు ముందు వైన్ వద్దు, ఒంట్లో నీరు తగ్గిస్తుంది. మీ ఇంట్లోవాళ్లకు చెప్పండి, అది కూడా వ్యవసాయమే అని. యూరప్‌లో ద్రాక్ష సెప్టెంబర్‌లో కోస్తే, నాసిక్‌లో వైన్ ద్రాక్ష జనవరి నుంచి మార్చి దాకా కోస్తారు. మీరు వెళ్లేది సరిగ్గా కోత కాలం. నల్ల ద్రాక్ష పిండినా రసం దాదాపు తెల్లగానే ఉంటుంది. తొక్కలతో కలిపి పులియబెడితేనే ఎరుపు వస్తుంది, లేత జామపిందె వగరు లాంటిది కూడా ఆ తొక్కల్లోంచే. తాటికల్లు పొద్దున తీయగా ఉండి సాయంత్రానికి పులుస్తుంది కదా, అక్కడ స్టీలు ట్యాంకుల్లో చల్లదనం అదుపులో పెట్టి ఆ పనినే రోజుల తరబడి నెమ్మదిగా జరిపిస్తారు. అది చూడటానికి తాగనక్కర్లేదు. రుచి చూసేవాళ్లకు కూడా నోట్లో తిప్పి ఉమ్మడానికి పాత్ర పెడతారు, ఎవరూ వింతగా చూడరు. నేను షిరాజ్ అనే ఎర్ర వైన్ రెండు గుక్కలు తాగాను, నాకు నచ్చింది. వయసు రుజువు వెంట ఉంచుకోండి, కారు మాట్లాడుకుని వెళ్లండి. సీసాలు మాత్రం ఇంటికి తేవద్దు, ఎక్సైజ్ చిక్కులు వస్తాయి.

ప్రశ్న: మేము 2027లో వెళ్దామనుకుంటున్నాం. ఏ నెల మంచిది? (ఒక పాఠకుడు, తణుకు)

జవాబు: ఫిబ్రవరిలోపు వెళ్లిరండి. ఆ ఏడాది గురుడు సింహరాశిలోకి వస్తే మనకు పుష్కరాలు, వాళ్లకు సింహస్థ కుంభమేళా. 2015లో కూడా రెండూ ఒకే ఏడాది వచ్చాయి. నాసిక్, త్రయంబకంలో గది దొరకదు, పైగా అది వానల కాలం.

ప్రశ్న: కొండ మీదకు మన తిండి ఏం పట్టుకెళ్లాలి మేడమ్? (ఒక పాఠకురాలు, అమలాపురం)

జవాబు: సున్నుండలు, వేయించిన వేరుశనగ, బెల్లం. పొద్దున కలిపిన చింతపండు పులిహోర మధ్యాహ్నం దాకా ఆగుతుంది. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు. పూతరేకులు బ్యాగులో పొడైపోతాయి, వాటిని రైల్లోనే తినేయండి.