కప్పకు నీడ, మొక్కకు వెలుగు

ప్రశ్న: మా అబ్బాయి సరదాపడితే 45 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, 60 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న గాజు పెట్టెలో మొక్కలు నాటి, రెండు టింక్టోరియస్ డార్ట్ కప్పలను (రంగురంగుల చిన్న వర్షారణ్య కప్పలు) పెంచుతున్నాము. పైన ఒక ఎల్‌ఈడీ దీపం ఉంది. కొన్నప్పుడు ఎర్రగా ఉన్న బ్రొమీలియాడ్ (అనాస కుటుంబపు మొక్క) ఆకులు ఇప్పుడు ఆకుపచ్చగా మారి, సాగి, వాలిపోతున్నాయి. రెండో దీపం పెట్టి చూస్తే, రెండు రోజులూ కప్పలు కొబ్బరి చిప్ప కింద నుంచి బయటికే రాలేదు. ఏం చేయాలి? అల్ట్రావయొలెట్ దీపం కూడా అవసరమా?
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: రెండో దీపం తీసేయండి, ముందుగా బ్రొమీలియాడ్లను అడుగు నుంచి పైకి మార్చండి. మీ కప్పల స్వస్థలం సురినామ్, ఫ్రెంచ్ గయానా పరిసరాల వర్షారణ్యం. అక్కడ చెట్ల గొడుగును దాటి నేలకు చేరేది ఎండలో కొద్ది శాతమే కాబట్టి, పగలు తిరిగే కప్పలే అయినా అవి ఆకుల నీడను విడిచి ఎక్కువ దూరం పోవు. బ్రొమీలియాడ్లలో చాలా రకాలు మాత్రం కొమ్మలను పట్టుకుని పైన పెరుగుతాయి. మీ పెట్టెలోనూ వాటిని వెనుక గోడకు, దీపానికి 15–20 సెంటీమీటర్ల దూరంలో అమర్చి, వాటి కింద మనీప్లాంట్, ఫెర్న్ వంటివి నాటితే, ఒక్క దీపమే పైన ఎండను, కింద నీడను ఇస్తుంది.

వాట్లను చూసి దీపం కొనవద్దు. ఫోన్‌లో లక్స్ (ఒక చోట పడే వెలుగుకు కొలమానం) కొలిచే యాప్‌ను తెరిచి, ఆకు ఉన్న చోటే కొలవండి. ఫోన్ కొలత ఉజ్జాయింపే అయినా, నేను పెట్టుకునే లెక్క ఇది: బ్రొమీలియాడ్ వద్ద 7,000 నుంచి 10,000 లక్స్, నేల మొక్కల వద్ద 1,500 నుంచి 2,500, చిప్ప లోపల దాదాపు చీకటి. దీపం 6,500 కెల్విన్ (పగటి వెలుగు లాంటి) తెలుపుది, సీఆర్ఐ (రంగులను ఎంత సహజంగా చూపుతుందో చెప్పే అంకె) 90కి పైబడినది అయితే మంచిది. ఊదారంగు దీపాల కింద మొక్కలు పెరుగుతాయి గాని, కప్ప చర్మం మీద పుండో, రంగు మార్పో వస్తే కంటికి ఆనదు.

భూమధ్యరేఖ దగ్గర పగటి నిడివి ఏడాది పొడవునా ఇంచుమించు 12 గంటలే కనుక టైమర్‌ను అలాగే పెట్టండి. రాత్రి నీలి దీపం వద్దు. ఎల్‌ఈడీ వేడి దాని వీపున ఉండే అల్యూమినియం పట్టీలో చేరుతుంది. దీపాన్ని గాజుకు ఆనించకుండా ఒక అంగుళం ఎత్తున నిలపండి, డాలస్ వేసవిలో పెట్టె లోపల 27 డిగ్రీల సెల్సియస్ దాటనివ్వకండి.

అల్ట్రావయొలెట్‌లో ఒక రకమైన యూవీబీ తక్కువ మోతాదులో మేలే. అయితే మామూలు గాజు దాన్ని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది కాబట్టి, పై మూతలో జాలీ లేకపోతే ఆ దీపానికి పెట్టిన డబ్బు వృథా. అది ఉన్నా లేకున్నా, కప్పలకు మేతగా వేసే ఫ్రూట్ ఫ్లైలకు (పండ్ల మీద ముసిరే చిన్న ఈగలు) విటమిన్ డీ3 కలిసిన కాల్షియం పొడి పట్టించి తినిపించడం మానకండి.

ఆకుపచ్చగా మారిన పాత బ్రొమీలియాడ్ ఆకులు మళ్లీ ఎర్రబడకపోవచ్చు. మొక్క నడుమ ఆకులు గిన్నెలా కలిసే చోటి నుంచి వచ్చే కొత్త ఆకును గమనించండి. దాని మీద పాలిపోయిన మచ్చ కనిపిస్తే వెలుగు ఎక్కువైనట్టే, మొక్కను నాలుగు వేళ్ల మందం కిందికి దించండి.