మిత్రుల కోసం పది ప్రతులు వేయించవచ్చా?

సందేహం: నేను అభిమానించే ఒక కార్టూనిస్టు కొన్నేళ్లుగా తన వెబ్‌సైటులో కామిక్ స్ట్రిప్పులు ఉచితంగా పెడుతున్నారు. అవి పుస్తకంగా రాలేదు. సైటు మూతపడితే అన్నీ పోతాయన్న భయంతో నచ్చిన 300 స్ట్రిప్పులు ప్రింటు తీసి బైండు చేయించుకున్నాను. మిత్రులు తమకూ కావాలంటున్నారు. లాభం లేకుండా, అచ్చు ఖర్చు మాత్రమే తీసుకుని 10 ప్రతులు వేయించవచ్చా? అనుమతి కోరుతూ మెయిల్ పంపాను, జవాబు లేదు.

సమాధానం: వేయించకండి. మీ బీరువాలో ఉన్న ఆ ఒక్క ప్రతి గురించి నాకు పెద్దగా బెంగ లేదు. సొంతంగా చదువుకోవడానికి తీసుకున్న ప్రతిని చాలా దేశాల చట్టాలు ఏదో ఒక మేరకు అనుమతిస్తాయి. రెండో ప్రతి మరొకరి చేతికి వెళ్లినప్పుడే చిక్కు మొదలవుతుంది.

ఉచితంగా చదవనివ్వడం వేరు, అచ్చు వేసుకోనివ్వడం వేరు. రచయితల, కళాకారుల హక్కులను కాపాడే అంతర్జాతీయ ఒడంబడిక, 1886 నాటి బెర్న్ ఒప్పందం ప్రకారం గీసినవారికి కాపీరైట్ హక్కు దానంతట అదే వస్తుంది. రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, కాపీరైట్ గుర్తు లేకపోయినా హక్కు పోదు. అనుమతి లేకుండా ప్రతులు తీసే వెసులుబాటుకు కూడా ఆ ఒప్పందంలోని 9వ అధికరణం హద్దు గీసింది: రచనకు సహజంగా ఉండే రాబడి మార్గానికి అది అడ్డు రాకూడదు. సైటులో స్ట్రిప్పులు గీసేవారికి ఆ మార్గం చాలాసార్లు పుస్తకమే. రేపు ఆయన సంకలనం తెస్తే మొదట కొనవలసిన పదిమంది మీ మిత్రులే కదా! లాభం తీసుకోలేదన్న మాట నష్టపరిహారం లెక్కలో ఉపయోగపడవచ్చు గాని, ఉల్లంఘనను చెరిపేయదు.

మీరు పంపిన నమూనా పేజీ చూశాను. పేజీకి నాలుగు స్ట్రిప్పులు ఇరికించడానికి అడుగు అంచు కత్తిరించారు. చివరి గడి మూలన ఉన్న సంతకం సగం తెగిపోయింది, దాని కింద సైటు చిరునామా పూర్తిగా పోయింది. నన్ను ఎక్కువగా బాధించింది ఇదే. రచన తనదని చెప్పుకునే హక్కు, దాన్ని వికృతం చేస్తే అభ్యంతరం చెప్పే హక్కు అదే ఒప్పందంలోని 6 బిస్ (6వ దాని తర్వాత చేర్చిన) అధికరణం కింద ఉన్నాయి. ఆర్థిక హక్కులు ఎవరికి రాసిచ్చినా ఇవి రచయితకే మిగులుతాయి. మీ సొంత ప్రతిలోనైనా ఆ పేజీలు మళ్లీ తీయించండి.

ఇక మెయిల్ సంగతి. మౌనం అర్ధాంగీకారం అన్న సామెత కాపీరైట్ విషయంలో చెల్లదు. అయితే సైటు అడుగుభాగం ఒకసారి చూడండి. అక్కడ క్రియేటివ్ కామన్స్ లైసెన్సు (ఫలానా షరతులతో ఎవరైనా వాడుకోవచ్చని రచయిత ముందే చేసే ప్రకటన) ఉంటే అనుమతి ముందే ఇచ్చినట్లే. ‘వాణిజ్యేతర’ షరతు ఉంటే అచ్చు ఖర్చుకు మించి తీసుకోకండి. ‘మార్పులు కూడదు’ అని ఉంటే గడులు విడదీయడం, మాటలు మార్చడం వద్దు. పేరు ఇవ్వడం ఎలాగూ తప్పనిసరి.

లైసెన్సు లేకపోతే మళ్లీ రాయండి. ఈసారి ఏ స్ట్రిప్పులు, ఎన్ని ప్రతులు, ఎవరికి, ఎంత ఖర్చు అన్నవి స్పష్టంగా చెప్పి, నమూనా పేజీ జతచేయండి. హక్కులు ఏదైనా ప్రచురణ సంస్థకు ఇచ్చారేమో కూడా అడగండి. అప్పుడు అనుమతి ఇవ్వవలసింది ఆ సంస్థ. ఒప్పుకుంటే పెద్ద సైజు మూల ఫైళ్లు అడగడం మరవకండి. తెర కోసం కుదించిన బొమ్మలు కాగితం మీద మసకబారతాయి, మీ నమూనాలో బుడగల్లోని అక్షరాలు అలాగే అలుక్కుపోయాయి.