అరటిపండు లెక్టిన్ వైరస్‌ను ఆపుతుందంటారు, పండు తింటే సరిపోతుందా?

సరిపోదు. ల్యాబ్‌లో శుద్ధి చేసిన లెక్టిన్ ఆపుతుంది. తిన్న పండులోని ప్రోటీన్ పేగు దాటి చాలినంత రక్తంలోకి చేరదు.

లెక్టిన్లు చక్కెర గొలుసులను పట్టుకునే ప్రోటీన్లు. హెచ్‌ఐవీ పైనుండే జీపీ120 అనే ప్రోటీన్ బరువులో దాదాపు సగం చక్కెరలే. వాటిలో మానోజ్ అనే చక్కెర ఎక్కువున్న గొలుసులు గుత్తులుగా ఉంటాయి, మన కణాల పైన అంత దట్టంగా కనిపించవు. లెక్టిన్ ఆ గుత్తికి అతుక్కుంటే వైరస్ కణంలోకి దూరలేదు. ఒక్కో పట్టు బలహీనమే, కాబట్టి పట్లు ఎన్నున్నాయన్నదే కీలకం. ఎర్రనాచులో దొరికిన లెక్టిన్ గ్రిఫిత్‌సిన్‌లో 121 అమైనో ఆమ్లాల గొలుసులు రెండు జతకడతాయి. ఒక్కోదానికి మూడు చొప్పున మొత్తం ఆరు పట్లు. అందుకే అది పికోమోలార్ గాఢతలోనే, అంటే అతి కొద్ది మోతాదులోనే, హెచ్‌ఐవీని ఆపగలదు.

అరటి లెక్టిన్‌తో చిక్కేమిటంటే, అది మన రోగనిరోధక కణాలైన టీ-కణాలనూ రెచ్చగొట్టి విభజన చెందిస్తుంది. మందుగా అది ప్రమాదమే. 2015లో ప్రచురించిన పరిశోధనలో అరటి లెక్టిన్‌లో 84వ స్థానంలోని అమైనో ఆమ్లం హిస్టిడిన్‌ను థ్రియోనిన్‌గా మార్చారు. ఆ రెచ్చగొట్టే గుణం బాగా తగ్గింది, వైరస్‌ను ఆపే గుణం నిలిచింది. ఒక్క అమైనో ఆమ్లంతో ఇంత తేడా రావడం ఈ రంగంలో నాకు అన్నిటికన్నా ఆసక్తికరం.

ల్యాబ్‌లో మీరే పరీక్షిస్తుంటే, మానన్ (మానోజ్‌ల పొడవాటి గొలుసు) కలిపిన కంట్రోల్, అంటే పోల్చి చూసే నమూనా, తప్పక పెట్టండి. అది లెక్టిన్ పట్లను నింపేస్తుంది కాబట్టి వైరస్ మళ్ళీ పెరగాలి. పెరగకపోతే ఆపుతున్నది చక్కెర పట్టు కాకపోవచ్చు, కణాలే చస్తుండొచ్చు. వాటి సజీవతను విడిగా కొలవండి.

వైరస్ తన పైన చక్కెరలు అతుక్కునే చోట్లను మార్చుకుని తప్పించుకోగలదు. కాకపోతే ఆ చక్కెర కవచం పలచబడితే యాంటీబాడీలకు చిక్కడం తేలికవుతుంది. ఇంజెక్షన్‌గా ఇస్తే మన శరీరం లెక్టిన్ మీదే యాంటీబాడీలు తయారుచేసే భయం ఉంది, అందుకే జెల్‌గా పైపూత వాడకం మీద ఎక్కువ ప్రయత్నాలు జరిగాయి.