కృతజ్ఞతలు రాస్తున్నా మనసుకు తాకడం లేదు.. నాలో లోపమా?

నా వయసు 41. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. నిద్ర సరిగా పట్టడం లేదని, చిరాకు పెరిగిందని కౌన్సెలర్‌ని కలిశాను. కృతజ్ఞతగా అనిపించే మూడు విషయాలు రోజూ రాత్రి రాయమన్నారు. రెండు నెలలుగా రాస్తున్నా. ఆరోగ్యం, పిల్లలు, ఉద్యోగం.. రోజూ ఇవే. ఇంపోజిషన్ రాస్తున్నట్టుంది. ఏమీ అనిపించడం లేదంటే నాలోనే లోపం ఉందా?
- ఓ పాఠకురాలు, ఖమ్మం

మీలో లోపమేమీ లేదు. ఫ్యాన్ చప్పుడు కాసేపటికి చెవికి ఆననట్టే, రోజూ అదే మాట రాస్తే మనసు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. రోజూ రాసి తీరాలనీ లేదు. అమెరికాలో ఎమన్స్, మెకల్లో అనే సైకాలజిస్టులు 2003లో ప్రచురించిన ప్రసిద్ధ అధ్యయనంలో ఒక బృందం పది వారాలపాటు వారానికి ఒక్కసారే రాసింది. వాళ్లకూ జీవితం మీద తృప్తి పెరిగింది. మీరూ ఆదివారం ఒక్కటే పెట్టుకోండి. మూడు వద్దు, ఒక్క సంగతి చాలు.

‘పిల్లలు’ అని రాయకండి. మంగళవారం మీరు పేపర్లు దిద్దుతుంటే చిన్నవాడు అడక్కుండానే మంచినీళ్లు తెచ్చిపెట్టాడనుకోండి, అది రాయండి. ఎందుకు తెచ్చాడో కూడా రాయండి. మీ అలసట వాడి కంట పడిందన్నమాట. ఆ ‘ఎందుకు’ దగ్గరే మనసు కరుగుతుంది. ఒక్కోసారి ఎదురు ప్రశ్న వేసుకోండి: కష్టకాలంలో తోడున్న ఆ మనిషి అసలు పరిచయమే కాకపోయుంటే ఏమయ్యేది?

మన ఇళ్లలో సొంతవాళ్లకు థ్యాంక్స్ చెప్పడం తక్కువ, చెబితే పరాయివాళ్లను చేసినట్టు ఉంటుంది. అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్లకు ఉత్తరంలా రాయమంటాను. ‘అత్తయ్యా, ఆ రోజు నువ్వు రాకపోతే..’ అంటూ ఇంట్లో మాట్లాడే మాటల్లోనే. వీలైతే ఎదురుగా కూర్చుని చదివి వినిపించండి. గొంతు పూడుకుపోయినా ఫర్వాలేదు.

కోపం, దుఃఖం ఉన్న వారం బలవంతాన మంచిని వెతకొద్దు. ఆ బాధనే రాయండి. బాధను కప్పిపెట్టడానికి ఈ నోటుబుక్కును వాడితే మేలు కంటే చేటే ఎక్కువ.

ఇంకో మాట. నిద్రలేమి, చిరాకు ఇన్నాళ్లుగా ఉన్నాయి కాబట్టి నోటుబుక్కుతోనే సరిపెట్టుకోవద్దు. థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించుకోండి. నెలసరిలో మార్పులుంటే గైనకాలజిస్టుకు చెప్పండి. రెండు వారాలకు మించి దేనిమీదా ఆసక్తి లేకపోయినా, రోజులో ఎక్కువసేపు దిగులుగా ఉన్నా సైకియాట్రిస్టును కలవండి. బతకాలనిపించని ఆలోచనలొస్తే ఒక్కరోజు కూడా ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఈసారి కౌన్సెలర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ నోటుబుక్కు తీసుకెళ్లి, ఇంపోజిషన్‌లా ఉందన్న మాట నాకు చెప్పినట్టే ఆయనకూ చెప్పండి.