సిస్టమ్‌ను నమోదు చేయాలా, చేసుకోవాలా, చేయించాలా?

సందేహం: మా డిగ్రీ కళాశాలలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. ల్యాబ్‌లో విండోస్‌కు బదులు రెడ్‌హ్యాట్ కంపెనీ వారి లినక్స్ వేసిన సిస్టమ్‌లు ఉన్నాయి. వాటిని ఆ కంపెనీ దగ్గర రిజిస్టర్ చేస్తే తప్ప అప్‌డేట్లు రావు. పిల్లలు కొందరు తమ లాప్‌టాప్‌లలోనూ అదే వేసుకుంటున్నారు. అందుకని తెలుగులో ఒక నోటీసు రాసి గోడకు అంటించాను: "సాఫ్ట్‌వేర్ నవీకరణలను పొందడానికి మీ వ్యవస్థను రెడ్‌హ్యాట్‌తో నమోదు చేయండి. వ్యవస్థ నమోదు చేయబడని యెడల నవీకరణలు పొందబడవు." మా తెలుగు మేడమ్ 'చేసుకోండి' అని ఉండాలన్నారు. ఆఫీసు సూపరింటెండెంట్ గారు 'చేయించండి' అన్నారు. పిల్లలేమో నోటీసు అర్థం కాలేదన్నారు. ఏది సరైనది? 'నవీకరణ' అనాలా, అప్‌డేట్ అని వదిలేయాలా? (ఒక పాఠకుడు, మంచిర్యాల)

సమాధానం: మీ మేడమ్ చెప్పిందీ తెలుగే, సూపరింటెండెంట్ గారు చెప్పిందీ తెలుగే, మీరు రాసిందీ తెలుగే. పని ఎవరు చేస్తున్నారు, ఎవరి కోసం చేస్తున్నారు అన్నదాన్ని బట్టి మూడింటిలో ఒకటి నిలుస్తుంది. మీ నోటీసులో నన్ను ఇబ్బంది పెట్టినవి వేరే ఉన్నాయి, వాటి దగ్గరికీ వస్తాను. ముందు క్రియ సంగతి చూద్దాం.

మా రోజుల్లో డిగ్రీ చేతికి రాగానే చేసే మొదటి పని ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్‌చేంజ్‌కు వెళ్లడం. ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ "పేరు రిజిస్టర్ చేయించుకున్నావా, నాయనా?" అని అడిగేవారు. మీ వైపు "చేపించుకున్నవా?" అంటారు. ధాతువు అదే, అర్థమూ అదే. ఈ ఒక్క మాటలో మూడు ముక్కలున్నాయి. 'చేయు' పని. 'ఇంచు' ఆ పనిని ఇంకొకరితో జరిపించడం, అంటే ప్రేరణార్థకం. అక్కడ పుస్తకంలో పేరు రాసేది గుమాస్తా, మనం కాదు. చివరి 'కొను' ఆ ఫలం నాకే దక్కుతుందని చెబుతుంది, అది ఆత్మార్థకం. కాల్ లెటర్ వస్తే వచ్చేది నాకే కదా. చదువు లేని మా పెద్దమ్మ కూడా ఈ మూడు ముక్కలనూ ఎక్కడా తడబడకుండా వాడేది. ఇంగ్లీషులో రిజిస్టర్ అన్న ఒక్క క్రియే ఈ మూడు చోట్లా పని నెట్టుకొస్తుంది. దాన్ని తెలుగులోకి తెచ్చేటప్పుడు మనకు ఉన్న తేడాను మనమే పోగొట్టుకుంటున్నాం.

ఇప్పుడు మీ ల్యాబ్‌లోకి వద్దాం. ఈ పని ఎలా జరుగుతుందో నాకు చూపించమని మా పక్కింటి అబ్బాయిని అడిగాను. అతను టెర్మినల్, అంటే ఆదేశాలు టైపు చేసే కిటికీ, తెరిచి సబ్‌స్క్రిప్షన్-మేనేజర్ రిజిస్టర్ అనే ఆదేశం కొట్టాడు. యూజర్ నేమ్ అడిగింది, పాస్‌వర్డ్ అడిగింది. కొద్ది క్షణాల్లో సిస్టమ్ నమోదైందని చెప్పి, దాని గుర్తింపు సంఖ్యను చూపించింది. అంకెలూ అక్షరాలూ కలిసి 32, నడుమ 4 అడ్డగీతలు. ఆ సంఖ్య మనిషిది కాదు, ఆ యంత్రానిది. అదే సమయంలో ఒక డిజిటల్ గుర్తింపు పత్రం కూడా వచ్చి సిస్టమ్‌లో కూర్చుంటుందని అబ్బాయి చెప్పాడు. ఇక మీదట అప్‌డేట్ కావలసినప్పుడల్లా, నమోదుతో దక్కిన పత్రాలను కంపెనీ సర్వర్లకు చూపించి సిస్టమే తెచ్చుకుంటుంది. ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చిన కార్డు మనం జేబులో పెట్టుకున్నట్టే.

చూశారుగా, ఇక్కడ గుమాస్తా లేడు. విద్యార్థి తన లాప్‌టాప్ కోసం తనే చేస్తున్నాడు. కాబట్టి అతనికి "నమోదు చేసుకోండి" అనాలి. ఇక్కడ మీ మేడమ్ మాటే సరి. కళాశాల సిస్టమ్‌లను మీరు ఉద్యోగధర్మంగా నమోదు చేస్తారు. ఆ యంత్రం మీ సొంతం కాదు, అందువల్ల "ల్యాబ్ సిస్టమ్‌లను నమోదు చేశాం" అంటే చాలు, 'కొను' అక్కర్లేదు. ప్రిన్సిపాల్ గారు మీకు చెప్పి ఆ పని జరిపిస్తే, ఆయన వైపు నుంచి అది "నమోదు చేయించారు" అవుతుంది. సూపరింటెండెంట్ గారు రోజూ పనులు చేయించే మనిషి కనుక ఆయన నోట ఆ రూపం వచ్చి ఉంటుంది. విద్యార్థి తనకు తెలియక మీ దగ్గరికి వచ్చి అడిగితే "చేయించుకున్నాడు". తెలుగు వికీపీడియాలో "ఖాతా సృష్టించుకోండి" అని కనిపిస్తుంది. అక్కడ 'సృష్టించండి' అని ఆపెయ్యకుండా 'కొను' చేర్చిన వారెవరో గానీ, వారికి తెలుగు చెవి ఉంది.

"చేయబడని యెడల" సంగతి. 'బడు' ప్రయోగాన్ని మన వ్యాకరణం ఒప్పుకుంది, దాన్ని తప్పని కొట్టెయ్యను. కానీ ఇక్కడ దాని అవసరమే లేదు. మనకు 'చేయు'కు జంటగా 'అవు' ఉంది. పెళ్లి చేశారు, పెళ్లయింది. వంట చేశాను, వంటయింది. కేసు నమోదు చేశారు, కేసు నమోదైంది. చేసినవారి పేరు చెప్పనక్కర్లేని చోట ఇంగ్లీషు కర్మణి ప్రయోగానికి వెళ్తుంది, తెలుగు 'అవు'కు వెళ్తుంది. "ఉష్ణోగ్రత 44 డిగ్రీలు నమోదైంది" అని పత్రికలు రాస్తాయే గానీ "నమోదు చేయబడింది" అని రాస్తే ఎండాకాలం వార్తలా ఉండదు.

అయితే ఒక చిక్కుంది. నమోదు చేయని సిస్టమ్‌లో అప్‌డేట్ కోసం ప్రయత్నిస్తే, ఈ సిస్టమ్ రిజిస్టర్ కాలేదు అన్న అర్థంలో ఇంగ్లీషులో ఒక హెచ్చరిక వస్తుంది. దాన్ని తెలుగులో "నమోదు కాలేదు" అని మాత్రమే రాస్తే రెండు అర్థాలు వస్తాయి. ఇంతవరకు ఎవరూ ప్రయత్నించలేదనీ కావచ్చు, ప్రయత్నిస్తే కుదరలేదనీ కావచ్చు. పాస్‌వర్డ్ తప్పు కొట్టిన పిల్లవాడు ఆ మాట చూస్తే ఏమనుకోవాలి? మొదటిదానికి "ఈ సిస్టమ్ ఇంకా నమోదు కాలేదు" అనండి, ఆ 'ఇంకా' అన్న చిన్న మాటే అనుమానం తీరుస్తుంది. రెండోదానికి "నమోదు కుదరలేదు" అనండి. స్థితిని చెప్పవలసి వస్తే "నమోదై ఉంది", "నమోదై లేదు" అన్న రూపాలున్నాయి. సాంకేతిక విషయం రాసేవాళ్లు వీటిని తక్కువ వాడుతున్నారు, ఎక్కువ వాడాలి.

'నమోదు' మాట గురించి కూడా చెప్పనివ్వండి. ఇది పారశీ నుంచి పాలనా వ్యవహారంతో పాటు మనకు వచ్చింది. మూలంలో 'నముదన్' అంటే చూపించు, కనబరచు. మన 'నమూనా' కూడా ఆ కుటుంబందే. మరాఠీలో ఇదే మాట 'నమూద్'. పైకి కనబడేలా రాసిపెట్టడం అన్న అర్థం నుంచి పుస్తకానికి ఎక్కించడం అన్న అర్థం స్థిరపడింది. యంత్రం తన గుర్తింపు పత్రాన్ని 'చూపించే' ఈ పనికి ఆ పాత అర్థం ఎంత దగ్గరగా ఉందో చూడండి! నేను ఇక్కడ రిజిస్టర్ కన్నా నమోదునే మెచ్చుకుంటాను. దానికి కారణం భాషాభిమానం ఒక్కటే కాదు. కళాశాలలో 'సిస్టమ్ రిజిస్టర్' అని రాస్తే చాలామందికి స్టాకు రిజిస్టర్ గుర్తుకొస్తుంది. 'రిజిస్ట్రేషన్' అంటే ఊళ్లో పొలం రిజిస్ట్రేషనే. నమోదుకు ఈ తగాదా లేదు. ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు ఇంకా చక్కటి మాటుంది: "రేషన్ కార్డులో పాప పేరు ఎక్కించారా?" అంటాం. నోటీసుకు అది మరీ చనువుగా ఉంటుంది గానీ, పిల్లలకు విడమరిచి చెప్పేటప్పుడు "కంపెనీ లెక్కలో మన సిస్టమ్‌ను ఎక్కించాలి" అనండి, వెంటనే అందుతుంది.

"రెడ్‌హ్యాట్‌తో నమోదు" అన్నది ఇంగ్లీషు వాక్యం నుంచి జారిపడిన 'తో'. మనం తమ్ముడితో ఊరెళ్తాం, కత్తితో కూర తరుగుతాం. నమోదు మాత్రం జాబితాలో, ఆఫీసులో, ఒకరి దగ్గర జరుగుతుంది. "మొబైల్ నంబరుతో నమోదు చేసుకోండి" అన్నప్పుడు 'తో' సరైనదే, అక్కడ నంబరు సాధనం. కంపెనీ సాధనం కాదు, చోటు. "రెడ్‌హ్యాట్ దగ్గర" అనండి.

ఇక 'వ్యవస్థ'. న్యాయ వ్యవస్థ ఉంది, పంచాయతీరాజ్ వ్యవస్థ ఉంది, బల్ల మీదున్న పెట్టె మాత్రం సిస్టమ్, లేదా కంప్యూటర్. పిల్లలకు మీ నోటీసు అర్థం కాకపోవడానికి మొదటి కారణం ఈ మాటేనని నా నమ్మకం.

'పొందడానికి' అన్నచోట కొంచెం ఆగాలి. పురస్కారం పొందుతాం, పట్టా పొందుతాం. మిగతావన్నీ తెలుగువాళ్లకు వస్తాయి. జీతం వస్తుంది, ఉత్తరం వస్తుంది, జ్వరం వస్తుంది, నిద్ర వస్తుంది, ఈత వస్తుంది. వచ్చేది కర్త స్థానంలో ఉంటుంది, మనం 'కు' తగిలించుకుని పక్కన నిలబడతాం. అప్‌డేటూ అంతే, వస్తుంది. "అప్‌డేట్లు రావాలంటే" అని మొదలుపెట్టండి, వాక్యం బరువు సగం దిగిపోతుంది. వచ్చాక దాన్ని వేసుకోవడం వేరే పని. రావడం, వేసుకోవడం రెండూ కలిపి 'పొందు'లో కుక్కితే పిల్లలు నమోదు చేసి ఊరుకుంటారు, అప్‌డేట్ వెయ్యరు.

అసలు ప్రశ్న 'నవీకరణ'. మాట నిర్మాణంలో ఏ లోపమూ లేదు. సంస్కృతంలో చ్వి అనే ప్రత్యయం ఉంది, అంతకుముందు అలా లేనిదాన్ని అలా చేయడాన్ని చెబుతుంది. సరళీకరణ, శుద్ధీకరణ, జాతీయీకరణ అన్నీ ఆ దారిలో వచ్చినవే. నవం కానిదాన్ని నవం చేయడం నవీకరణ. కొందరు 'తాజీకరణ' అంటున్నారు. పారశీ తాజాకు సంస్కృత ప్రత్యయం తగిలించారని కొందరు పండితులు కోప్పడతారు. 'జిల్లాధికారి'లో అరబ్బీ జిల్లాకు సంస్కృత అధికారి కలిస్తే ఒప్పుకున్నాం కదా, మిశ్రమం అన్న కారణానికి నేను తోసెయ్యను.

నా అభ్యంతరం వేరు. నవీకరణ అన్నమాట ఇప్పటికే ఇంకో పనిలో ఉంది. లైసెన్సు రెన్యువల్‌ను కూడా నవీకరణ అనే రాస్తున్నారు. మీ విషయంలో ఈ రెండూ ఎదురెదురు పడతాయి. వ్యక్తులకు రెడ్‌హ్యాట్ ఇచ్చే డెవలపర్ చందా (సబ్‌స్క్రిప్షన్) ఉచితం, 2021 నుంచి 16 సిస్టమ్‌ల దాకా వాడుకోవచ్చు, కానీ ఏటా రెన్యువల్ చేసుకోవాలి. ఇప్పుడు ఆ నోటీసు రాయండి: "నవీకరణ చేసుకోకపోతే నవీకరణలు రావు." ఎవరికి ఏం తెలుస్తుంది? అందుకని చందాకు 'పొడిగింపు' అనండి, సాఫ్ట్‌వేర్‌కు 'అప్‌డేట్' అనండి. అప్‌డేట్ ఇప్పుడు పరాయి మాట కాదు. "ఫోన్ అప్‌డేట్ అడుగుతోంది", "రాత్రి అప్‌డేట్ పెట్టి పడుకున్నా" అంటున్నాం. అడుగు, పెట్టు అనే మన క్రియలు దాన్ని చేరదీశాయి. బహువచనానికి మాత్రం మన 'లు' పెట్టండి, అప్‌డేట్లు. 'అప్‌డేట్స్‌లు' అని రెండు బహువచనాలు వద్దు.

చందా అన్నాను గనుక ఒక మాట. సబ్‌స్క్రిప్షన్‌కు కొత్త మాట వెతకనక్కర్లేదు. వారపత్రికకు చందా కట్టి చిరునామా రాసిస్తే సంచికలు ఇంటికొచ్చేవి, గడువు తీరితే ఆగిపోయేవి. ఇక్కడ జరుగుతున్నదీ అదే.

మిగతా కంపెనీలు వేరే మాటలు వాడుతున్నాయి, తికమక పడకండి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంటి కంప్యూటర్లకు ఇంకో ఏడాది భద్రతా అప్‌డేట్లు కావాలంటే సెట్టింగ్స్‌లో 'ఎన్‌రోల్' అన్నమాట నొక్కాలి. ఉబుంటు అనే ఇంకో లినక్స్‌కు ఉన్న ప్రో చందాలో 'అటాచ్' అంటారు, వ్యక్తులకు 5 యంత్రాల దాకా ఉచితం. మొదటిదాన్ని కూడా నమోదు అనే చెప్పవచ్చు. రెండోదానికి 'జతచేయు' బాగుంటుంది, అక్కడ టోకెన్ అనే ఒక రహస్య కోడ్ ఇచ్చి ఆ సిస్టమ్‌ను మన ఖాతాకు తగిలిస్తాం.

మీ నోటీసును నేనైతే ఇలా రాస్తాను: "మీ లాప్‌టాప్‌కు అప్‌డేట్లు రావాలంటే దాన్ని రెడ్‌హ్యాట్ దగ్గర నమోదు చేసుకోండి. కుదరకపోతే ల్యాబ్‌లో అడిగి చేయించుకోండి. ల్యాబ్ సిస్టమ్‌లను మేం ఇప్పటికే నమోదు చేశాం, మీరు మళ్లీ చేయనక్కర్లేదు. చందా గడువు ఏడాది. తీరకముందే పొడిగించుకోండి. అప్‌డేట్లు వచ్చాక వేసుకోవడం మరిచిపోకండి."

దీన్ని అంటించే ముందు ఇద్దరు ముగ్గురు పిల్లల చేత పైకి చదివించండి. ఎక్కడైనా ఆగితే, ఏ మాట దగ్గర ఆగారో నాకు రాయండి.