క్యామ్ మార్కు అర పన్ను ముందుకు కనిపిస్తే చైన్‌ను జరపాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: సిలిండర్ హెడ్‌కు ఫేసింగ్ (అడుగు తలాన్ని కోసి చదును చేయడం) చేయించి, క్రాంక్ నుంచి వాల్వ్‌లను తెరిచే క్యామ్‌ను తిప్పే పాత టైమింగ్ చైన్‌నే మళ్లీ వేశారు; క్రాంక్ పుల్లీ గీతను టీడీసీ (పిస్టన్ అన్నిటికంటే పైకి చేరిన స్థానం) దగ్గర నిలిపితే క్యామ్ స్ప్రాకెట్ మార్కు తిరిగే దిశలో సుమారు అర పన్ను (స్ప్రాకెట్ పంటిలో సగం) ముందుకు ఉంది; వేలితో నొక్కితే చైన్ బాగా వదులుగా ఉంది; కాబట్టి ఒక పన్ను వెనక్కి వేయవచ్చా అని అడుగుతున్నారు. వేయవద్దు. క్రాంక్ స్ప్రాకెట్‌కు 18 పళ్లు, క్యామ్ స్ప్రాకెట్‌కు 36 పళ్లు ఉన్న ఇంజిన్‌లో ఒక పన్ను అంటే క్యామ్ మీద 10 డిగ్రీలు, క్రాంక్ మీద 20 డిగ్రీలు. అర పన్ను ముందున్నదాన్ని ఒక పన్ను వెనక్కి జరిపితే అది అర పన్ను వెనకబడుతుంది తప్ప తేడా ఏమీ తగ్గదు.

అంతకంటే ముందు ఆలోచించవలసింది ఆ తేడా ఏ దిశలో ఉన్నదన్న సంగతి. చైన్ సాగిందని మనం అంటాం గానీ నిజానికి అరిగేవి పిన్నులూ బుష్‌లూ. ప్రతి లింకు దగ్గరా పోయిన కొద్దిపాటి లోహం కలిసి చైన్ మొత్తం పొడవును పెంచుతుంది. గైడ్ వైపు, అంటే క్రాంక్ బలంగా లాగే వైపు, చైన్ పొడవు పెరిగితే క్యామ్ ఆలస్యంగా తిరుగుతుంది. ఫేసింగ్ చేసిన హెడ్ క్యామ్‌ను క్రాంక్‌కు దగ్గర చేస్తుంది కాబట్టి దాని ఫలితం కూడా ఆలస్యమే. మీ ఇంజిన్‌లో ఈ రెండూ ఉన్నప్పుడు మార్కు వెనకబడాలి, కానీ ముందుకు ఉందంటున్నారు. పోనీ బిగించేటప్పుడే ఒక పన్ను తప్పిందనుకుందామంటే, తేడా దాదాపు నిండు పన్నుగా కనిపించాలి. సగానికి తగ్గేంత అరుగుదల గైడ్ వైపు సుమారు 5 మిల్లీమీటర్లు ఉండాలి, అది మామూలుగా జరిగేది కాదు. కనుక నా అనుమానమంతా రెండు చోట్లకే వస్తుంది: వదులు చేరకూడని వైపు చేరింది, లేదా పుల్లీ గీత అబద్ధం చెబుతోంది.

మొదటిదాన్ని పరీక్షించడం సులభం. గైడ్ వైపు చైన్ పూర్తిగా బిగిసి ఉన్నప్పుడు క్యామ్ ఎంత వెనక ఉంటుందో, అంతకంటే వెనక్కి అది పోలేదు. ఆ వైపు కాస్త వదులు చేరితే మాత్రం ముందుకు కనిపించగలదు. గీత దాటిపోయిందని క్రాంక్‌ను నాలుగు డిగ్రీలు వెనక్కి తిప్పినా, వాల్వ్ స్ప్రింగ్ ఒక లోబ్‌ను (క్యామ్ మీద వాల్వ్‌ను నొక్కే ఉబ్బును) ముందుకు తోసినా జరిగేది ఇదే. నూనె ఒత్తిడి లేని హైడ్రాలిక్ టెన్షనర్ (చైన్‌కు ఆనుకునే షూను నెట్టి రెండో వైపు వదులును తీసే భాగం) దీన్ని ఆపలేదు. అందుచేత టెన్షనర్ వైపు షూను చేత్తో నొక్కి పట్టుకుని, క్రాంక్‌ను స్పానర్‌తో ఇంజిన్ తిరిగే దిశలోనే రెండు పూర్తి చుట్లు తిప్పి, గీత దగ్గరికి నెమ్మదిగా రండి. దాటిపోతే వెనక్కి రావద్దు, మళ్లీ రెండు చుట్లు తిప్పండి. ఎక్కడైనా గట్టిగా తగిలినట్టు అనిపిస్తే బలం పెట్టకుండా అక్కడే ఆగండి, అది పిస్టన్‌కు వాల్వ్ తగలడం కావచ్చు. ఇలా చేసిన తరువాత గైడ్ వైపు చైన్ బిగుతుగా, వదులంతా టెన్షనర్ వైపు ఉండాలి. వేలితో నొక్కి చూసే వదులు టెన్షనర్ పని మిగిలిందని మాత్రమే చెబుతుంది, టైమింగ్ సంగతి చెప్పదు.

రెండవదాన్ని చాలామంది అసలు పట్టించుకోరు. క్రాంక్ పుల్లీ అనేక ఇంజిన్లలో ఒకే ముక్క కాదు. లోపలి భాగానికీ బయటి రింగుకూ మధ్య రబ్బరు ఉంటుంది, అది పాతబడితే రింగు జారి గీత పక్కకు పోతుంది. నేను విప్పిన ఒక నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో రబ్బరు అంచున సన్నని పగులు తప్ప పైకి ఏమీ కనిపించలేదు గానీ, గీత మాత్రం అసలు టీడీసీకి 6 డిగ్రీలు ఆలస్యంగా వచ్చేది. అలాంటి గీత దగ్గర క్యామ్ మార్కు ముందుకే కనిపిస్తుంది. అసలు టీడీసీని పట్టుకోవడానికి క్రాంక్ ముందు డిగ్రీ వీల్ (డిగ్రీలు గీసిన చక్రం) బిగించి, తీగతో ఒక ముల్లు పెట్టి, స్పార్క్ ప్లగ్ రంధ్రంలో పిస్టన్ స్టాప్ (పైకి వచ్చే పిస్టన్‌ను ఆపే కడ్డీ) వేస్తాను. ఒక వైపు నుంచి పిస్టన్ ఆగినప్పుడు 28, రెండో వైపు 34 వచ్చిందనుకుందాం. రెండు వైపులా 31 వచ్చేలా వీల్‌ను 3 డిగ్రీలు సర్దితే సున్నా దగ్గర ఉన్నదే నిజమైన టీడీసీ. ఇది హెడ్ పెట్టకముందే చేయవలసిన పని. మీకు హెడ్ బిగించేశారు కాబట్టి, క్యామ్‌ను తీసి వాల్వ్‌లన్నీ మూసి ఉన్న స్థితిలో, చైన్ కిందికి జారకుండా తీగతో కట్టి చేయండి. అప్పుడు క్రాంక్‌ను వెనక్కి తిప్పినా నష్టం లేదు.

ఆ తరువాత కంటిని నమ్మవలసిన పని లేదు. మొదటి సిలిండర్ ఇన్‌లెట్ వాల్వ్ మీద డయల్ గేజ్ పెట్టి, గరిష్ఠ లిఫ్ట్ (వాల్వ్ పూర్తిగా తెరుచుకున్న స్థితి) దగ్గర సున్నా చేసి, దానికి 1.27 మిల్లీమీటర్లు ముందు ఒకటి, తరువాత ఒకటి రీడింగ్ తీసుకోండి. రెండూ తిరిగే దిశలోనే వస్తూ తీసుకోవాలి. పైన చెప్పిన ఇంజిన్‌లో టీడీసీ తరువాత 72, 144 వచ్చాయి, అంటే లోబ్ మధ్య (రెండింటి సగటు) 108. ఉండవలసింది 104. ఆ 4 డిగ్రీల ఆలస్యం క్యామ్ మీద రెండే డిగ్రీలు, పన్నులో అయిదో వంతు. మార్కులు చూసి ఎవరూ దాన్ని పట్టలేరు. లెక్క కూడా సరిపోయింది. 9.525 మిల్లీమీటర్ల పిచ్ ఉన్న ఆ చైన్‌లో గైడ్ వైపు 1 మిల్లీమీటరు పొడవు పెరిగితే క్రాంక్ మీద సుమారు 2 డిగ్రీలు ఆలస్యం, 0.5 మిల్లీమీటర్ల ఫేసింగ్‌కు ఒక డిగ్రీ పోగా మిగిలిన మూడూ చైన్ అరుగుదలవి. లోబ్ రెండు వైపులా ఒకే ఆకారంలో లేని క్యామ్‌కు ఈ పద్ధతి అంత కచ్చితం కాదు, అక్కడ వాల్వ్ తెరుచుకునే, మూసుకునే డిగ్రీలను మాన్యువల్‌తో పోల్చాలి.

చైన్‌ను విడిగా కొలవాలంటే మాన్యువల్ చెప్పిన బరువుతో వేలాడదీసి, చెప్పినన్ని లింకులను పిన్ను నుంచి పిన్నుకు, కనీసం మూడు చోట్ల కొలవండి, ఎందుకంటే అరుగుదల అంతటా ఒకేలా ఉండదు. స్ప్రాకెట్ పళ్లు కొక్కేల్లా వంగి ఉంటే కొత్త చైన్ ఒక్కటే వేసి ప్రయోజనం లేదు, అది త్వరగా పాడవుతుంది. గైడ్, షూల మీద లోతైన గాళ్లు పడ్డా మార్చవలసిందే.

రెండు చుట్లు తిప్పాక చైన్ మీది రంగు లింకులు మార్కులతో కలవలేదని మీరు కంగారు పడ్డారేమో. 100 లింకుల చైన్ అయితే అవి మళ్లీ కలిసేది క్రాంక్ 50 చుట్లు తిరిగాకే. అవి బిగించేటప్పుడు పనికొచ్చే గుర్తులు, అంతే. ఫేసింగ్ జరిగింది కాబట్టి పిస్టన్ మీద ప్లాస్టిసిన్ (మెత్తని మట్టిలాంటి ముద్ద) పెట్టి పిస్టన్‌కూ వాల్వ్‌కూ మధ్య ఖాళీని మాత్రం తప్పక చూడండి. మాన్యువల్ వేరే చెప్పకపోతే ఇన్‌లెట్‌కు 2, ఎగ్జాస్ట్‌కు 2.5 మిల్లీమీటర్లకు తగ్గనివ్వను.

ఆ ఇంజిన్‌కు కొత్త చైన్ వేశాక లోబ్ మధ్య 105కు వచ్చింది. ఒక డిగ్రీ కోసం ఆఫ్‌సెట్ కీ (స్ప్రాకెట్‌ను కొద్దిగా పక్కకు జరిపి పట్టే కీ) వేయడం అనవసరమనుకుని అలాగే వదిలేశాను. మీకు కొత్త చైన్ వేసినా మూడు నాలుగు డిగ్రీలు మిగిలితే ఆఫ్‌సెట్ కీ గానీ, సర్దుకునే క్యామ్ స్ప్రాకెట్ గానీ వేయండి. టెన్షనర్‌ను బిగించే ముందు దాన్ని పూర్తిగా లోపలికి నొక్కి, రాచెట్ ఉంటే దాన్ని మొదటి గాడికి తెచ్చి, హైడ్రాలిక్ అయితే నూనెతో నింపి బిగించండి. బయటికి వచ్చి ఉన్న రాచెట్ టెన్షనర్‌ను అలాగే బోల్టులతో లాగి బిగిస్తే చైన్ అతిగా బిగిసి గైడ్‌ను తినేస్తుంది.