ఏ పచ్చ? సైకస్ ఆకుల మీద మీ ప్రశ్నలు

ప్రశ్న: మా డాబా మీద కుండీలో, ఈత మొక్కలా కనిపించే సైకస్ ఉంది, నాలుగేళ్లయింది కొని. వానలు మొదలవగానే మధ్యలోంచి ఒకేసారి పదిహేను దాకా ఆకులొచ్చాయి, కానీ అన్నీ పచ్చబడి ఉన్నాయి. పక్కింటి అంకుల్ ఐరన్ తక్కువైందంటే రెండుసార్లు మందు పోశాను, ఏం మారలేదు. ఇప్పుడు కింది వరస పాత ఆకులు కూడా పచ్చబడుతున్నాయి. టెన్షన్‌గా ఉందండీ. రెండూ ఒకటే జబ్బా?
- ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: ముందు ఆ మందు ఆపండి. మన భాషతో వచ్చిన చిక్కు ఇది. ఆకుపచ్చా పచ్చే, పచ్చకామెర్ల పచ్చా పచ్చే, చెట్టు పచ్చగా ఉందంటే సంతోషించాలో డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలో తెలీదు. మీరు పసుపు రంగు గురించే అంటున్నారని అనుకుని చెబుతున్నాను.

రెండూ ఒకటి కాదు. పైన ఉన్నది పసితనం, అది జబ్బు కాకపోవచ్చు. సైకస్ ఏడాదికి మామూలుగా ఒకసారే, ఆకులన్నీ కలిపి ఒక్క దెబ్బకి వేస్తుంది. అప్పుడు ఆ ఆకులు గోధుమరంగు నూగుతో, చిట్టి ఆకులు గడియారం స్ప్రింగులా చుట్టుకుని, పట్టుకుంటే విరిగేంత మెత్తగా ఉంటాయి. వాటిలో పత్రహరితం ఇంకా కొంచెమే, అందుకే కెరోటినాయిడ్లనే రంగు పదార్థాల పసుపు పైకి కనిపిస్తుంది. ఆకు సాగడం పూర్తయి గట్టిపడే కొద్దీ పత్రహరితం నిండుతుంది, పైన మైనపు పొర మందమవుతుంది, చివరికి నల్లపచ్చగా మెరుస్తుంది. పసుపు ఎక్కడికీ పోదు, ఆకుపచ్చ కింద మరుగున పడుతుంది, అంతే. దీనికంతటికీ కొన్ని వారాలు పడుతుంది కాబట్టి నెల, నెలన్నర ఓపిక పట్టండి. ఈలోపు కుండీని అటూ ఇటూ తిప్పకండి, లేత ఆకులు వెలుగు వైపు వంకర తిరిగి అలాగే బిగుసుకుపోతాయి, ఆ తర్వాత సరిచేయడం ఎవరి తరమూ కాదు.

కింది వరస సంగతి వేరు. ఆకు ముసలిదైతే మొక్క దానిలోని పత్రహరితాన్ని విడగొట్టి నైట్రోజన్‌ను, మెగ్నీషియంను కొత్త ఆకులకు పంపుకుంటుంది (పత్రహరితం అణువు మధ్యలో కూర్చునేది మెగ్నీషియమే), ఇక్కడ మిగిలిపోయేది పాత కెరోటినాయిడ్ల పసుపు. పదిహేను ఆకులు ఒక్కసారి వేసిన మొక్క పాత డబ్బాలు ఖాళీ చేయడంలో వింతేముంది? కింద రెండు మూడు ఆకులే అయితే పట్టించుకోకండి, పూర్తిగా ఎండే దాకా కత్తిరించకండి కూడా, అందులో సరుకు ఇంకా ఉంది. వరస వెనక వరస పసుపెక్కుతుంటే మాత్రం ఎరువు అడుగుతోందని అర్థం. మాగిన పశువుల ఎరువు, దాంతోపాటు కొద్దిగా మెగ్నీషియం సల్ఫేట్ వేయండి.

ఒక్కదానికే నిజంగా భయపడాలి. కొత్త ఆకులు నెలన్నర దాటినా పసుపుగానే ఉండి, చివర్లు కాలినట్టు ముడుచుకుంటే అది మాంగనీస్ లోపం. హైదరాబాద్‌లో బోరు నీళ్లు పోసే ఇళ్లలో అనుమానించాల్సిందే, ఎందుకంటే ఆ నీళ్లలోని సున్నం మట్టిని క్షారం చేస్తుంది, అప్పుడు మాంగనీస్ మట్టిలో ఉన్నా వేరుకు అందదు. ముడుచుకున్న ఆకు మళ్లీ బాగుపడదు. మాంగనీస్ సల్ఫేట్ వేస్తే ఫలితం వచ్చే ఏడాది ఆకుల్లో చూస్తారు. అన్నట్టు, వాననీళ్లు పట్టి పోయండి, ఖర్చు లేని మందు.

ప్రశ్న: మామిడి చిగురు ఎర్రగా వస్తుంది. సైకస్ చిగురు పసుపుగా వస్తుంది. కానీ అదే వర్గానికి (సైకడ్లు) చెందిన మెక్సికో మొక్క ఒకటి కాఫీ రంగులో చిగురు వేయడం ఫొటోలో చూశాను. మామిడిలో ఉన్న రంగేనా అది?
- డిగ్రీ విద్యార్థి, కోఠి

జవాబు: మంచి ప్రశ్న. కాదు. మామిడి చిగురు ఎరుపు ఆంథోసయనిన్, నీళ్లలో కరిగే రంగు, కణంలోని రసంలో ఉంటుంది. మీరు చూసింది బహుశా సెరటోజామియా. దాని లేత ఆకుల్లో సెమీ-బీటా-కెరోటినోన్ అనే ఎర్రటి రంగు దొరికింది. అది కెరోటినాయిడ్, క్యారెట్ రంగుకు చుట్టం, నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. కంటికి ఒకలాగే ఉన్నా రెండిటి వంటిల్లు వేరు. ఆకు ముదిరితే ఇది కూడా మిగతా సైకడ్ల లాగే ఆకుపచ్చలోకి వచ్చేస్తుంది.

లేతప్పుడు పత్రహరితం ఎందుకు ఆలస్యం చేస్తుందనే దానికి ఒక వివరణ నాకు నచ్చుతుంది. లేత ఆకు పురుగులకు సులువైన తిండి, కాబట్టి గట్టిపడే దాకా విలువైన సరుకు అందులో పెట్టకుండా ఉండటమే లాభం. తాళం బిగించకుండా బీరువాలో నగలు పెట్టం కదా.

ప్రశ్న: కొత్త ఆకులు పసుపుగా ఉండగానే రాత్రికి రాత్రి పుల్లలు మిగిలాయి. ఎవరి పని?
- ఉప్పల్ నుంచి

జవాబు: ఒక చిన్న నీలి సీతాకోకచిలుక పిల్లల పని. దానికి 1829లో హార్స్‌ఫీల్డ్ అనే ప్రకృతి శాస్త్రవేత్త పెట్టిన పేరు పాండవ, ఎందుకు పెట్టాడో గానీ మీ ఆకుల మీద మాత్రం కౌరవుల్లా పడ్డాయి. లేత ఆకు మీదే గుడ్లు పెడుతుంది, ముదిరిన ఆకుని గొంగళి కొరకలేదు, అంటే పసుపుగా ఉన్న ఆ కొన్ని వారాలే మీరు కాపలా కాయాలి. చిగురు మొన తేలిన రోజు నుంచి వేపనూనె కలిపిన నీళ్లు సాయంత్రం పూట చల్లండి, రోజూ ఆకుల ముడతల్లో వెతకండి. చీమలు గుంపుగా తిరుగుతున్న చోట ముందు చూడండి, గొంగళ్లు కార్చే తీపి కోసం చీమలు వాటికి బాడీగార్డులుగా ఉంటాయి. మిగిలిన పుల్లలు ఆకుపచ్చగా ఉంటే కోయకండి. ఇంకోమాట, ఇంట్లో కుక్కపిల్ల ఉంటే కుండీ అందకుండా పెట్టండి, ఈ మొక్కలో అన్ని భాగాలూ, ముఖ్యంగా గింజలు విషం.